కాగితం మీద రాసిందే సరుకు

(ఆత్రేయపురంలో పూతరేకులు, పచ్చళ్లు, స్వీట్లు ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ల కోసం పెట్టిన సభలో ఒక రిటైర్డ్ ట్రాన్స్‌పోర్ట్ ఉద్యోగి మాట్లాడింది, రికార్డు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నేను ఉపన్యాసాలిచ్చేవాణ్ని కాదండీ. ముప్పై ఏళ్ల పైచిలుకు ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో పనిచేశాను. అందులో సగానికి పైగా క్లెయిముల సీట్లోనే. అంటే ఏమిటంటే, మీ సరుకు పోతే మీరొచ్చి తిట్టేది నన్నే. కంపెనీ పేరు చెప్పను. ఆ ఉప్పు తిన్నాను కదా, ఊరుకుందాం. కానీ ఆ సీట్లో కూర్చుని చూసింది మాత్రం దాచను. (నవ్వులు)

ఇందాక ఒకమ్మాయి అడిగింది, "బాబాయ్ గారూ, ఏ కొరియర్ మంచిది?" అని. అన్నీ మంచివేనమ్మా, పార్సిల్ చేరినంతవరకు. చేరనప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. అది మీరు బుకింగ్ కౌంటర్ దగ్గర నిలబడిన ఆ రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది. తర్వాత మీరు నా దగ్గరికొచ్చి ఏడ్చినా, అరిచినా, నేను చూసేది మీ మొహం కాదు, ఎల్ఆర్ కాగితం, అంటే బుక్ చేసినప్పుడు ఇచ్చే లారీ రసీదు.

ఒక సంగతి చెప్తాను. పదమూడు, పద్నాలుగేళ్లయింది. చీరల వ్యాపారి ఒకాయన, పెద్దమనిషి, ఉప్పాడ పట్టు చీరలు ఆరు విశాఖపట్నం కొట్టుకి పంపాడు. బుకింగ్ గుమాస్తా "ఏముందండీ?" అంటే "బట్టలు" అన్నాడు. "విలువ?" అంటే "ఏదో ఒకటి రాయవయ్యా, ఐదొందలు" అన్నాడు. ఛార్జీ 140 రూపాయలు. ఎందుకట్లా చెప్పాడు? విలువ ఎక్కువ చెప్తే ఛార్జీ పెంచుతారని ఒక భయం, అందులో ఏముందో తెలిస్తే ఎవడైనా కొట్టేస్తాడని ఇంకో భయం. రెండూ అబద్ధం భయాలు కావు. ఆ మూట లారీ మారే చోట కనబడకుండా పోయింది.

ఆయన నా ముందు కూర్చుని 54 వేల బిల్లు పెట్టాడు. నిజమైన బిల్లే. ఆయన అబద్ధం చెప్పట్లేదని నాకు తెలుసు. ఎల్ఆర్ తిప్పి చూపించాను. చట్టం ఏమంటుందంటే, విలువ ఎక్కువని ముందే చెప్పి, దానికి తగ్గ ఛార్జీ కట్టకపోతే, రవాణా కంపెనీ ఇవ్వాల్సింది మహా అయితే కట్టిన ఛార్జీకి పది రెట్లు. 140కి పది రెట్లు 1,400. "పోనీ అదైనా ఇవ్వండి" అన్నాడు. అదీ రాదు. ఎందుకంటే ఆ పది రెట్ల లెక్క కూడా కాగితం మీద రాసిన విలువ దాటకూడదు. రాసింది ఐదొందలు. 54 వేల చీరలకి ఐదొందలు. ఆయన ఆ చెక్కు తీసుకోలేదు. చాలాకాలం నా డ్రాయర్‌లోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి బుకింగ్‌కి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ని, అయ్యా, పెట్టెలో ఏముందో మాకు కనబడదు, మేం మోసేది మీరు కాగితం మీద రాసిన సరుకునే అని. మా మేనేజరుకి నా మాటలు నచ్చేవి కావు. బుకింగ్ లేటవుతోందనేవాడు.

ఇప్పుడీ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. విసుక్కోకండి, మీ డబ్బు ఇందులోనే ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1865లో క్యారియర్స్ యాక్టు వచ్చింది. దాని స్థానంలో 2007లో క్యారేజ్ బై రోడ్ యాక్టు చేశారు, అమల్లోకొచ్చింది 2011లో. లారీ కంపెనీలే కాదు, ఇంటి దగ్గర తీసుకుని ఇంటి దగ్గర దింపే కొరియర్లు కూడా దీని కిందికే వస్తాయి. ప్రభుత్వం మాత్రం రాదు. పోస్టు సంగతి వేరుగా చెప్తాను.

ఈ చట్టంలో మీకు ఒక పెద్ద వరం ఉంది, ఒక పెద్ద గోతి ఉంది. వరం ఏమిటంటే, సరుకు పోయిందనో పాడైందనో మీరు చూపిస్తే చాలు. "మీ హమాలీ విసిరేశాడు, మీ డ్రైవరు నిద్రపోయాడు" అని మీరు నిరూపించక్కర్లేదు. సరుకు ఎవరి చేతిలో ఉంటే, అది ఎందుకు పోయిందో చెప్పుకోవాల్సింది వాళ్లే. 1865 నుంచీ ఇదే పద్ధతి. కొందరు రసీదు మీద "ఓనర్స్ రిస్క్", అంటే పోతే నష్టం సొంతదారుదే అని ముద్ర కొడతారు, చూసే ఉంటారు. అది చూడగానే మనవాళ్లు "ఇంకేం చేస్తాంలే" అని ఇంటికెళ్లిపోతారు. ఆ ముద్ర కొట్టినంత మాత్రాన కంపెనీ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2000లో నాథ్ బ్రదర్స్ కేసులో తేల్చింది. మా ఆఫీసులో ఆ ముద్ర అరిగిపోయేదాకా కొట్టాం, అది వేరే సంగతి. (నవ్వులు)

గోతి ఏమిటంటే నోటీసు. సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు, పోయిందనో పాడైందనో రాతపూర్వకంగా నోటీసు కంపెనీకి అందాలి. అందకపోతే తర్వాత ఏ కోర్టుకెళ్లినా మీ కేసు గడప దాటదు. పోయిందని తెలిసిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. ఫోన్లు లెక్కలోకి రావు. "నలభై సార్లు ఫోన్ చేశానండీ" అంటారు. చేశారు, పాపం. నేనే ఎత్తాను. "చూస్తున్నామండీ, పక్క బ్రాంచికి మెయిల్ పెట్టామండీ" అని చెప్పింది కూడా నేనే. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ మా సీట్లో నేర్పే మొదటి విద్య అదే. మర్యాదగా మాట్లాడుతూ రోజులు దొర్లించడం. ఆరు నెలలు దాటాక మా గొంతు ఎలా మారేదో మీకు అనుభవమే.

సరే, అసలు పెట్టెలు ఎక్కడ పోతాయి? సినిమాల్లోలాగా ఎవడో దొంగ వచ్చి లారీ ఆపడం అరుదు. మీ పెట్టె ఇక్కడ బుక్ అయితే ఆటోలోనో వ్యానులోనో రాజమండ్రి వెళ్తుంది, అక్కణ్ణించి విజయవాడో హైదరాబాదో హబ్‌కి, అంటే పార్సిళ్లు ఊరివారీగా వేరుచేసే చోటికి, మళ్లీ అవతలి హబ్‌కి, అక్కణ్ణించి డెలివరీ కుర్రాడి సంచిలోకి. ఎక్కించడం, దింపడం, సార్టింగ్ బెల్టు మీద పెట్టడం, తీయడం, అన్నీ లెక్కేస్తే ఒక పది పదిహేను చేతులు మారుతుంది. ఒక్క చోట లేబుల్ ఊడిందా, ఇక ఆ పెట్టెకి ఊరూ లేదు, పేరూ లేదు. మా గోడౌన్‌లో ఒక మూల "ఎక్సెస్" అని ఉండేది. అంటే లెక్కలో లేకుండా ఎక్కువొచ్చిన సరుకు. అదే సమయానికి వేరే ఊళ్లో "షార్ట్" అని రాసుంటారు. అక్కడ తక్కువైంది ఇక్కడ ఎక్కువైంది. రెండు రిజిస్టర్లూ ఎప్పుడూ కలిసేవి కావు. పెళ్లి కుదిరినా ముహూర్తం కుదరనట్టు. అందుకే చెప్తున్నాను, పెట్టె పైన అంటించిన లేబులే కాకుండా లోపల కూడా ఒక కాగితం వేయండి. మీ పేరు, ఫోను, అవతలివాళ్ల పేరు, ఫోను. ఆ ఎక్సెస్ మూలలో పెట్టె విప్పినప్పుడు ఆ కాగితం దొరికితే, నేనే ఎన్నోసార్లు వెనక్కి పంపాను.

ట్రాకింగ్‌ని నమ్మి కూర్చునేవాళ్లకి ఒక మాట. చాలాచోట్ల చిన్న పెట్టెల్ని ఒక పెద్ద బ్యాగులో వేసి సీలు వేస్తారు. స్కాన్ చేసేది ఆ బ్యాగుని. బ్యాగు హైదరాబాదు చేరిందంటే అందులో ఉన్న పెట్టెలన్నీ చేరినట్టు కంప్యూటరు చూపిస్తుంది. మీ పెట్టె ఆ బ్యాగులో పడిందా లేదా అన్నది బ్యాగు విప్పినప్పుడే తెలుస్తుంది. అందుకే "వచ్చింది" అని చూపించి, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఏమీ కదలకపోతే అప్పుడే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. హబ్‌లో సీసీ కెమెరా ఫుటేజీ ఎల్లకాలం ఉండదు.

ఇంకోటి అడ్రసు. కొత్తపేట అని రాసి ఊరుకుంటారు. మనకి కొత్తపేట అంటే ఈ పక్కనున్నదే. హైదరాబాదులో కూర్చున్న సార్టింగ్ కుర్రాడికి కొత్తపేట అంటే దిల్‌సుఖ్‌నగర్ పక్కది. గుంటూరువాడికి గుంటూరు కొత్తపేట. రామచంద్రపురం కూడా అంతే, మనకొకటుంది, బీహెచ్ఈఎల్ దగ్గర ఇంకోటుంది. ఇట్లాంటి గొడవలకే 1972 ఆగస్టు 15న పిన్‌కోడు తెచ్చారు. పోస్టల్ శాఖలో పనిచేసిన వెలంకర్ అనే ఆయన దానికి రూపం ఇచ్చారు, సంస్కృతంలో పండితుడు కూడా. ఆరంకెల్లో మొదటిది 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో ఎక్కడో ఒకచోట. మన తూర్పుగోదావరి వైపు 533తో మొదలవుతాయి, హైదరాబాదు 500తో. పెట్టె మీద ఊరు తప్పురాసినా పిన్‌కోడు సరిగా ఉంటే చేరే అవకాశం ఉంది. పిన్‌కోడు తప్పుగా ఉంటే ఊరు ఎంత అందంగా రాసినా లాభం లేదు, యంత్రం చదివేది అంకెల్నే.

ఇప్పుడు మీ అసలు కష్టానికొద్దాం. పూతరేకులు. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే ముద్ర, అదీ వచ్చింది, సంతోషం. కానీ జీఐ ట్యాగు పెట్టెని కాపాడదు కదా. (నవ్వులు) మీ సరుకుకున్నంత విచిత్రమైన జబ్బు ఇంకే సరుకుకీ లేదు. బరువు ఉండదు, కానీ చోటు కావాలి. కొరియర్‌వాళ్లు బరువుతో పాటు పెట్టె సైజు కూడా కొలుస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5,000తో భాగిస్తారు. ఉదాహరణకి 40, 30, 30 పెట్టె తీసుకోండి. 36 వేలు, భాగిస్తే 7.2 కిలోలు. లోపల రెండు కిలోల సరుకే ఉన్నా మీరు కట్టేది ఏడు కిలోల పైన. దాంతో ఏం చేస్తున్నారు? పెట్టె చిన్నది చేస్తున్నారు, సరుకు గోడలకి ఆనించి కుక్కుతున్నారు. అవతల విప్పేసరికి రేకులు పోయి పొడి మిగులుతుంది. కస్టమరు ఫొటో తీసి పెడతాడు. ఛార్జీలో మిగిలిన వంద రూపాయలకి మీ పేరు పోయింది.

ఎంత గట్టిగా కట్టాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇస్టా అని రవాణాలో సరుకుల భద్రత చూసే అంతర్జాతీయ సంస్థ ఒకటుంది, దాని మొదటి పరీక్ష ఇది. తొమ్మిది కిలోల లోపు పెట్టెనైతే సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే మన భోజనాల బల్ల అంత ఎత్తు నుంచి, పది సార్లు పడేస్తారు. ఒకసారి మూల మీద, ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద తలా ఒకసారి, తర్వాత ఆరు ముఖాల మీద. ఇంట్లోనే చేయొచ్చు. పాత స్టాకు పూతరేకులు పెట్టి కట్టి, పది సార్లు పడేసి విప్పి చూడండి. మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ ఆ పని మీరు చేయకపోతే మా హమాలీ చేస్తాడు.

నా అనుభవంలో నిలబడ్డ పద్ధతి ఇది. రేకుల పెట్టె వేరు, పార్సిల్ పెట్టె వేరు. రేకుల పెట్టెకి అన్నివైపులా రెండంగుళాలు వదిలి, ఆ ఖాళీ పూర్తిగా నింపండి, ఊపితే చప్పుడు రాకూడదు. బయట పెట్టె ఐదు ప్లైది, అంటే ఐదు పొరల అట్టది వాడండి, మూడు ప్లైది మూడు నాలుగు పెట్టెల బరువు మీద పడితే ఆగదు. అట్టపెట్టె బలమంతా దాని మూలల్లో ఉంటుంది, మూల నలిగిన పాత పెట్టె మళ్లీ వాడకండి. వానాకాలంలో అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది, రేకులు కూడా అంతే, సాగిపోతాయి. అందుకని లోపలి పెట్టెకి ప్లాస్టిక్ కవరు గాలి చొరకుండా సీలు వేయాలి. "జాగ్రత్త, పగులుతుంది" అని ఎర్ర స్టిక్కరు అంటిస్తారే, దానికి నేను వ్యతిరేకిని కాదు, అంటించండి. కానీ రాత్రి రెండు గంటలకి లారీ దించే కుర్రాడు ఆ స్టిక్కరు చదివి పెట్టెని పసిబిడ్డలా దింపుతాడని మాత్రం అనుకోకండి.

పచ్చళ్లవాళ్లకి ఒక్క మాటే. నూనె. సీసా మూత ఎంత బిగించినా వేసవిలో లారీ లోపల వేడికి నూనె పైకొస్తుంది. అది మీ పెట్టెతో ఆగదు, పక్కనున్న నాలుగు పెట్టెల్ని పాడుచేస్తుంది. అప్పుడు ఆ నలుగురూ మీ మీద పడొచ్చు. సరిగా కట్టకుండా ఇచ్చిన సరుకు వల్ల నష్టమైతే కంపెనీ కూడా తప్పించుకోవాలని చూస్తుంది. సీలు వేసిన పౌచ్‌లో పోసి, దాన్ని మళ్లీ ఇంకో పౌచ్‌లో పెట్టి, అప్పుడు డబ్బాలో పెట్టండి.

బస్సు పార్సిల్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీ అందరికీ అలవాటే. ఆర్టీసీ కార్గోలో రసీదు ఇస్తారు, దారిలో చేతులు తక్కువ మారుతుంది, ఒకే రాష్ట్రంలో మామిడిపళ్లకీ స్వీట్లకీ అది నయం. భద్రాద్రి రాములవారి తలంబ్రాలు తెలంగాణ ఆర్టీసీ కార్గోలోనే ఇళ్లకి చేరుస్తున్నారు కదా. (నవ్వులు) ప్రైవేటు బస్సు డ్రైవరు చేతిలో వందా రెండొందలూ పెట్టి పంపేస్తారే, అది మాత్రం పార్సిల్ సర్వీసు కాదు, స్నేహం. స్నేహం మీద కేసు వేయలేం.

పోస్టు సంగతి చెప్తానన్నాను. స్పీడ్ పోస్టు 1986లో మొదలైంది. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని కూడా అందులోనే కలిపేశారు. మన పల్లెలకి చేరడంలో పోస్టుకి సాటి లేదు, ఆ మాట నేను లారీ కంపెనీవాడినైనా ఒప్పుకుంటాను. కానీ పోతే? 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో ఆరో సెక్షను ఉండేది. పోయినా, ఆలస్యమైనా, చిరిగినా ప్రభుత్వానికి బాధ్యత లేదు, తానుగా ఒప్పుకున్నంత వరకు తప్ప. ఆ చట్టం పోయి 2023 చట్టం వచ్చింది, 2024 జూన్‌లో అమలైంది. కొత్త చట్టంలో కూడా ఆ రక్షణ పదిలంగానే ఉంచుకున్నారు. స్పీడ్ పోస్టు పోతే ఎంతోకాలంగా ఇస్తూ వచ్చిందెంతో తెలుసా? కట్టిన ఛార్జీకి రెట్టింపు, లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. అందుకని పోస్టులో విలువైంది పంపితే ఇన్సూరెన్సు చేయించండి. కౌంటర్ దగ్గర అడిగితేనే చేస్తారు, వాళ్లంతట వాళ్లు గుర్తుచేయరు.

ఇన్సూరెన్సు దండగ అనేవాళ్ల కోసం భారతి నిట్టింగ్ కంపెనీ కేసు చెప్తాను. ఎగుమతి చేసిన సరుకు తాలూకు కాగితాలు జర్మనీకి పంపమని ఒక అంతర్జాతీయ కొరియర్‌కిచ్చారు. చేరలేదు. వాళ్ల నష్టం లక్షల్లో. రసీదు మీద చిన్న అక్షరాల్లో "మా బాధ్యత 100 డాలర్ల దాకానే" అని ఉంది, కింద పంపినవాళ్ల సంతకం ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఏమందంటే, సంతకం పెట్టాక ఆ షరతుకి కట్టుబడాల్సిందే అంది. వంద డాలర్లు. ఆ తీర్పు వచ్చిన రోజు మా ఆఫీసులో స్వీట్లు పంచలేదు కానీ, మొహాలు చూస్తే పంచినట్టే ఉంది.

సరే, సరుకు చేరింది, పెట్టె నలిగింది. అవతలివాళ్లు ఏం చేయాలి? మీరు కస్టమర్లకి వాట్సాప్‌లో పంపాల్సిన మెసేజి ఇది. పెట్టె నలిగినా, తడిసినా, టేపు మీద టేపు వేసినట్టున్నా సంతకం పెట్టేముందు ఆ డెలివరీ కాగితం మీదో ఫోను మీదో "నలిగి వచ్చింది" అని రాయమనండి. బరువు తగ్గితే "బరువు తక్కువ" అని. ఏమీ రాయకుండా సంతకం పెడితే, మంచి స్థితిలో అందినట్టు లెక్క. నేను తిరగ్గొట్టిన క్లెయిముల్లో చాలావాటిని ఆ ఖాళీ సంతకంతోనే తిరగ్గొట్టాను. విప్పేటప్పుడు వీడియో తీయమనండి, లేబుల్ నుంచి మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా.

మీరు అమ్మేవాళ్లు కాబట్టి ఇంకో మాట. కొన్నవాళ్లకి జవాబు చెప్పాల్సింది మీరు. "కొరియర్‌వాడిని అడుక్కోండి" అనకండి. వెబ్‌సైటు పెట్టి అమ్మేవాళ్లకి 2020 ఈ-కామర్స్ నిబంధనలున్నాయి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కొరియర్ మీద మీ పోరాటం వేరు, కస్టమరుతో మీ లెక్క వేరు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి ఆర్టీవోలతో, అదే వెనక్కొచ్చే పార్సిళ్లతో, నలిగిపోతున్నామని అంటున్నారు. అది కొత్త బాధ కాదు. 1877లోనే మన పోస్టువాళ్లు వీపీపీ పెట్టారు, సరుకు అందాక డబ్బు కట్టడం. అప్పటి నుంచీ పార్సిల్ తెప్పించుకుని, తీరా వస్తే "ఇంట్లో లేరు" అనేవాళ్లున్నారు.

అమెరికాకి పంపేవాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేకుండా ఉండేది, 2025 ఆగస్టు 29తో అది పోయింది. ఆ గందరగోళంలో మన పోస్టు ఆగస్టు 25 నుంచి అమెరికాకి పార్సిళ్లు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు సుంకం ఎవరు కట్టాలో ముందే కస్టమరుతో తేల్చుకోండి. పచ్చళ్ల మధ్యలో ప్రేమగా పచ్చి కరివేపాకు రెమ్మలు పెట్టకండమ్మా. నిమ్మజాతి చెట్ల తెగులు వస్తుందని అక్కడ నిషేధం. ఆ రెమ్మ దొరికితే పెట్టె మొత్తం ఆగుతుంది. మాంసం పచ్చళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మోసాల మాట కూడా అనాలి, ఎందుకంటే పార్సిల్ పోయినవాడి గాభరా మీదే వాళ్లు బతుకుతారు. గూగుల్‌లో కొరియర్ కస్టమర్ కేర్ నంబరు వెతికితే దొంగ నంబర్లు కూడా వస్తాయి. "అడ్రసు సరిచేయడానికి ఐదు రూపాయలు కట్టండి" అని లింకు పంపుతారు. రసీదు మీదున్న నంబరు తప్ప వేరేది నమ్మకండి. "మీ పేరు మీద పార్సిల్లో మత్తుమందులు దొరికాయి" అని వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని మాట్లాడేవాడు పోలీసు కాడు. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.

కంపెనీ వినకపోతే వినియోగదారుల కమిషను ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉందని ముంబై పోనక్కర్లేదు. ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తే చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. వ్యాపారం కోసం పంపిన సరుకైతే "నువ్వు వినియోగదారుడివే కాదు" అని అవతలి లాయరు మొదటి వాదన చేస్తాడు. స్వయం ఉపాధి కోసం చేసుకునే చిన్నపనికి చట్టంలో మినహాయింపు ఉంది, మీరు ఆ మాట ఫిర్యాదులోనే రాసుకోవాలి. మొదటి పేరాలోనే.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఏమైనా అడుగుతారా?

(సభలోంచి ఒక మహిళ: సంక్రాంతికి ముందు నేను హైదరాబాదుకి పెద్ద పార్సిల్ పంపానండీ, పద్నాలుగు వేల సరుకు. పోయింది. రోజూ ఫోన్ చేస్తున్నాను. వెతుకుతున్నాం అంటున్నారు.)

బుక్ చేసిన తేదీ ఎంతమ్మా? రసీదు ఉందా?

(మహిళ: ఉందండీ, ఫోన్లో ఫొటో ఉంది. జనవరి 8.)

జనవరి 8. ఉండండి... విలువ ఎంత రాశారు? పద్నాలుగు వేలే రాశారా? శభాష్. మా చీరలాయన కంటే నువ్వు నయం. ఇవాళ జులై 5, ఆదివారం. జనవరి 8 నుంచి 180 రోజులంటే... జులై 7. ఎల్లుండి మంగళవారం. పోస్టులో వేయకు, చేరేసరికి గడువు దాటిపోతుంది. రేపు పొద్దున్నే ఎవర్నైనా తోడు తీసుకుని, నువ్వు బుక్ చేసిన బ్రాంచికి వెళ్లి చేతికివ్వు. రెండు కాపీలు పట్టుకెళ్లు, రెండో దాని మీద తేదీ వేసి ముద్ర కొట్టించుకో. కొట్టనంటే అక్కడే నిలబడి అదే కాగితం ఫొటో తీసి వాళ్ల మెయిల్‌కి పంపు. ఎవరి దగ్గరైనా తెల్ల కాగితం ఉందా? ఆ బల్ల ఇటు జరపండి. కూర్చో అమ్మా, ఇప్పుడే రాద్దాం. పైన తేదీ వేయి. కింద ఎల్ఆర్ నంబరు... చదువు.